నాన్నగారితో ఆమ్‌స్టర్‌డామ్: గైడ్‌కి 420 యూరోలు పెట్టచ్చా?

పిల్లల దగ్గరికి యూరప్ వెళ్లే పెద్దవాళ్లు మా కోనసీమ వైపు ఈ మధ్య బాగా పెరిగారు. నేను వెళ్లొచ్చానని తెలిసి అందరూ అడుగుతున్నది ఒకటే. "అక్కడ ఊరు చూడ్డానికి గైడ్‌ని పెట్టుకోవాలంటారా? అన్నీ ఫోన్‌లో ఉంటాయి కదండీ, అంత డబ్బు ఎందుకు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి వివరంగా రాస్తే నయమనిపించింది. నా మాట ముందే చెప్పేస్తాను. పెట్టుకోండి. కానీ మీ అమ్మానాన్నలు జీవితమంతా ఏం పని చేశారో అడగని గైడ్‌కి మాత్రం డబ్బు కట్టకండి.

మాది ఆత్రేయపురం పక్కన ఊరు. నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా (కాలవలూ తలుపులూ చూసుకునే పని) చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం లొల్ల లాకుల దగ్గరే గడిచింది. లాకు అంటే కాలవలో తలుపులు పెట్టి, నీటిని ఆపి, పడవల్ని ఎక్కించి దించే కట్టడం. కాలవలో నీరు ఎంత ఎత్తున ఉందో, ఏ తలుపు ఎంత ఎత్తాలో, శివారు పొలాలకి ఎప్పుడు అందుతుందో, ఇంట్లో ఎప్పుడూ ఆ మాటలే. మా తమ్ముడు నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మరదలికి పాప పుట్టిందని మొన్న మే నెలలో అమ్మనీ నాన్నగారినీ నేను తీసుకెళ్లాను. అమ్మ మనవరాల్ని వదిలి గుమ్మం దాటనంది. ఊరు చూడాల్సింది నాన్నగారూ నేనూ.

ఆమ్‌స్టర్‌డామ్ కంటే ముందు పారిస్ వెళ్లాం. పెద్ద ప్యాకేజీ కంపెనీ ఒకటి నడిపే బస్సు టూరు అది. బస్సు నిండా జనం. గొడుగు పైకెత్తి పట్టుకున్న కుర్రాడు చెవిలో పెట్టుకునే యంత్రంలో గడగడా చెప్పుకుపోయాడు. దిగండి, ఫోటో తీసుకోండి, ఎక్కండి. మధ్యాహ్నానికి నాన్నగారు "నువ్వు చూసిరామ్మా, నేను బస్సులో కూర్చుంటాను" అనేశారు. రాత్రి అమ్మ ఫోన్ చేసి ఏం చూశారండీ అంటే "టవరు చూశాం" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. గోదావరి గురించి రెండు గంటలు మాట్లాడగల మనిషి, పారిస్ గురించి రెండు మాటలు మాట్లాడలేదు. అది నాకు చాలా బాధనిపించింది.

ఆమ్‌స్టర్‌డామ్ గైడ్ గురించి తమ్ముడి ఆఫీసులో ఒకాయన చెప్పారు. కంపెనీ కాదు, ఒక్క మనిషే. అరవై దాటిన డచ్చి ఆవిడ, పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్లోనే. పేరు ఇక్కడ వేయను, కావలసినవాళ్లు అడిగితే విడిగా ఇస్తాను. నేను మెయిల్ పెడితే, వచ్చిన జవాబులో రేటు కన్నా ముందు ప్రశ్నలున్నాయి. నాన్నగారి వయసెంత, ఆగకుండా ఎంతసేపు నడవగలరు, నిటారు మెట్లు ఎక్కగలరా, ఏ వేళకి మందులు వేసుకోవాలి, ఏవి తినరు, ఏం ఉద్యోగం చేసేవారు. చివరి ప్రశ్నకి "కాలవల మీద లాకులు నడిపేవారు" అని రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. "నేను మామూలుగా తీసుకెళ్లే దారి పక్కన పెట్టేస్తున్నాను. మీ నాన్నగారికి వేరే దారి వేస్తాను" అని. ఆ మెయిల్ చదివినప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

రేటు సంగతి. ఎనిమిది గంటలకి 420 యూరోలు, అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 40 వేలు. ఇద్దరు వెళ్లినా నలుగురు వెళ్లినా అంతే. పడవ, మ్యూజియం, ట్రాము టికెట్లు, భోజనం మనవి. ఆవిడ తిండి ఖర్చు ఆవిడదే. ఒక్క రోజుకి ఎక్కువే, కాదనను. తమ్ముడు పెట్టుకున్నాడు.

పొద్దున తొమ్మిదింటికి సెంట్రల్ స్టేషన్ బయట కలిశాం. ఆవిడ భుజానికి మడత స్టూలు ఒకటి తగిలించుకుని వచ్చారు. నాన్నగారి కోసమట. రోజంతా ఎక్కడ ఆగి మాట్లాడినా ముందు స్టూలు వేసి, ఆయన కూర్చున్నాకే మాట మొదలుపెట్టేవారు. ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతారు. నాలుగు వాక్యాలకోసారి ఆగి నావైపు చూస్తారు, నేను తెలుగులో చెబుతాను, నాన్నగారి ప్రశ్న వింటారు, అప్పుడు ముందుకి. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి ఇది ఎంత ముఖ్యమో వెళ్లినవాళ్లకి తెలుస్తుంది. పారిస్ బస్సులో నేను ఒక వాక్యం చెప్పేలోపు వాళ్లు రెండు వీధులు దాటేవారు.

ఎదురుగా కనిపిస్తున్న స్టేషన్ గురించే మొదట చెప్పారు. 1889లో తెరిచారు. అది నిలబడ్డ నేల ఒకప్పుడు నేలే కాదు, నీళ్లలో ఇసుక పోసి కట్టిన దీవులు, కింద వేల కొద్దీ చెక్క దిమ్మెలు దిగ్గొట్టారు. నాన్నగారు వెంటనే "ఎంత లోతుకి?" అన్నారు. పైనంతా మెత్తటి బురద, పీచు మట్టి, దాదాపు 12 మీటర్లు దిగితేగానీ గట్టి ఇసుక పొర తగలదు, దిమ్మెలు అక్కడిదాకా పోవాలి అన్నారావిడ. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ కర్ర నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పాడవదట. నీటిమట్టం తగ్గి కర్రకి గాలి తగిలిందా, పుచ్చిపోతుంది. అందుకే ఊళ్లో నీళ్లు పెరగడమే కాదు, తగ్గడమూ ప్రమాదమే. నాన్నగారు అది విని తలూపి "అయితే గేజీ చూసేవాడు నిద్రపోకూడదన్నమాట" అన్నారు. గేజీ అంటే నీటిమట్టం కొలిచే గుర్తు. నేను అది ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ "సరిగ్గా అక్కడికే వెళుతున్నాం" అన్నారు.

స్టేషన్ నుంచి నెమ్మదిగా నడిచి ఏన్‌హోర్న్‌స్లౌస్ అనే పాత లాకు దగ్గరికి వెళ్లాం. టూరిస్టులు ఎవరూ లేరు. లాకు గోడలో తెల్ల పాలరాయి ఒకటి, దాని మీద అక్షరాలు, అడ్డంగా ఒక గీత. 17వ శతాబ్దంలో యోహన్నెస్ హుడ్డె అనే ఆయన ఆ నగరానికి మేయరు. పెద్ద గణిత పండితుడు కూడా. వరదల నుంచి ఊరిని కాపాడాలంటే ముందు నీటిమట్టానికి ఒక లెక్క ఉండాలని, 1680లలో ఇలాంటి రాళ్లు ఎనిమిది పెట్టించాడు. మిగిలింది ఇదొక్కటే. దాని మీద రాసింది ఏమిటంటే, సముద్రపు గట్టు ఎత్తు పట్టణపు మట్టం (ఎత్తులు కొలవడానికి ఊరు పెట్టుకున్న మూల మట్టం) కన్నా తొమ్మిది అడుగుల అయిదు అంగుళాలు పైన అని.

నేను తెలుగులో పూర్తిగా చెప్పేలోపే నాన్నగారు స్టూలు మీంచి లేచారు. "గేజీ రాయమ్మా ఇది!" అన్నారు. అటు వంగి చూసి, ఇటు నడిచి చూసి, మడతపెట్టిన కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశారు. ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా ఇంట్లో పిల్లలం ఎక్కాలతో పాటు ఇవీ నేర్చుకున్నాం. ఆ అంకెలన్నీ ఆవిడకి వరసగా చెప్పమన్నారు. ఆవిడ చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. మూడో హెచ్చరిక వస్తే ఏం చేస్తారు, ఎవరు ఎటు పోతారు అని అడిగారు. నాన్నగారు లంకల్లోంచి జనాన్ని ఎలా తీసుకొస్తారో, 1986 వరదలో రాత్రంతా ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు ఎలా వేశారో చెప్పారు. పారిస్‌లో మాట్లాడని మాటలన్నీ ఆ లాకు గోడ పక్కన మాట్లాడారు.

అక్కణ్ణించి ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ వెంట నడిచాం. హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అని మూడు పెద్ద కాలవలు ఊరి చుట్టూ వంపు తిరిగి ఉంటాయి. 1613 నుంచి తవ్వారు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. ఇళ్లన్నీ సన్నగా, పొడుగ్గా, ఒకదానికొకటి ఆనుకుని. ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి కొక్కెం. లోపల మెట్లు మరీ ఇరుకు కావడంతో మంచాలూ బీరువాలూ ఆ కొక్కేనికి తాడు కట్టి కిటికీలోంచే ఎక్కిస్తారు. నాన్నగారికి ఇళ్ల మీద పెద్దగా దృష్టి లేదు. కాసేపు నీళ్ల వంకే చూసి "నీరు నడవట్లేదేంటమ్మా, వీళ్లూ కాలవలు కట్టేశారా?" అన్నారు. మే నెల కదా, మా ఇంటి దగ్గరా నీరు ఆపేసి కాలవలు కట్టేసే ఉన్నాయి. గైడ్ గారు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "మధ్యాహ్నం చూపిస్తాను, మాటల్లో కన్నా అక్కడ బాగా తెలుస్తుంది" అన్నారు. ప్రశ్నని దాచి ఉంచి సరైన చోట విప్పడం తెలిసిన గైడ్ ఆవిడ.

అదే కాలవ ఒడ్డున 263 నంబరు ఇల్లు, డైరీ రాసిన యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ కుటుంబం నాజీలకి చిక్కకుండా 1942 జులై నుంచి 1944 ఆగస్టులో పట్టుబడేదాకా దాక్కున్న ఇల్లు. లోపలికి వెళ్లలేదు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, వారాల ముందే అయిపోతాయి, పైగా లోపల మెట్లు బాగా నిటారు. ఇంకో సంగతి, ఆ ఇంట్లో గైడ్‌లు మాట్లాడుతూ తిప్పడానికి వీల్లేదు. కాబట్టి ఆ టికెట్ దొరికితే గైడ్ లేని రోజున పెట్టుకోండి. ఆవిడ బయట నిలబడి పది నిమిషాల్లో కథంతా చెప్పారు. నాన్నగారు పిల్ల వయసెంత అని అడిగారు. పదిహేనేళ్లకే పోయిందంటే చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత పడవ. ఇక్కడ నాకు నచ్చని సంగతి చెప్పాలి. ఆవిడ ఎక్కించినది అద్దాల కప్పు ఉన్న పెద్ద పడవ. ఎండకి లోపల ఉక్క. స్పీకర్లో రికార్డు చేసిన గొంతు ఆగకుండా మోగుతుంటే ఆవిడ మాట మాకు వినపడలేదు. అంత మంచి గైడ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు యంత్రం మాట వినడం నాకు దండగనిపించింది. మీరు వెళితే కప్పులేని చిన్న పడవ మాట్లాడమని ముందే అడగండి, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. ఒక్కటి మాత్రం నాన్నగారు బాగా చూశారు, పడవ ఇళ్లు. కాలవల్లో వేల కొద్దీ ఉన్నాయి, జనం కాపురాలు చేస్తున్నారు. "మురుగు ఎటు పోతుంది?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఇప్పుడు పైపుల్లో నగరపు మురుగు లైన్లలోకే పోతుందట. కాలవల్లోంచి ఏటా వేలల్లో సైకిళ్లు పైకి తీస్తారట. నాన్నగారు నవ్వి, మా దగ్గర గుర్రపు డెక్క తీస్తాం, ఇక్కడ సైకిళ్లు తీస్తారన్నమాట అన్నారు.

డామ్ స్క్వేర్‌లో రాజభవనం బయటినుంచే చూశాం. 17వ శతాబ్దంలో నగర పాలక భవనంగా కట్టారు, 1808లో రాజభవనమైంది. దాని కింద 13,659 చెక్క దిమ్మెలున్నాయి. ఆ అంకె అక్కడి పిల్లలకి ఎలా గుర్తుంటుందో చెప్పారావిడ. ఏడాదికి 365 రోజులు, ముందు 1, వెనక 9. నాన్నగారు ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఈ లెక్క చెబుతున్నారు.

భోజనం ఒంటి గంట దాటాక. నాన్నగారికి షుగరు మందు ఉంది, ఆలస్యం కాకూడదు. ఆవిడ అది గుర్తుపెట్టుకుని పదకొండున్నరకే ఒక కాఫీ షాపులో ఆపి ఏదో ఒకటి తినిపించారు. అక్కడే బాత్రూమ్ పని కూడా అయిపోయింది. ఆ ఊళ్లో బాత్రూమ్‌కి చాలా చోట్ల డబ్బులు కట్టాలి, పైగా వెతుక్కోవాలి. ఆవిడ దారి వేసేటప్పుడే గంటన్నరకి ఒకటి వచ్చేలా చూసుకున్నారు. అడగాల్సిన అవసరమే రాలేదు. పెద్దవాళ్లు ఈ మాట సిగ్గుపడి చెప్పరు, దాహమేసినా నీళ్లు తాగడం మానేస్తారు. అది తెలిసిన మనిషి కాబట్టే నేను ఆవిడకి ఇంత గౌరవం ఇస్తున్నాను.

తిండి దగ్గర ఒక బండి మీద ఉల్లిపాయ ముక్కలేసిన పచ్చి హెర్రింగ్ చేప చూపించారు. అక్కడివాళ్లు తోక పట్టుకుని అలాగే తినేస్తారు. పులస పులుసు కోసం ప్రాణం పెట్టే నాన్నగారు కూడా వండని చేప వద్దన్నారు. కిబ్బెలింగ్ అని పిండిలో ముంచి వేయించిన చేప ముక్కలు ఇప్పిస్తే ఇష్టంగా తిన్నారు. అమ్మ కట్టిచ్చిన పులిహోర కాలవ గట్టున బెంచీ మీద కూర్చుని ముగ్గురం తిన్నాం. ఇంటినుంచి తీసుకెళ్లిన పూతరేకులు ఆవిడకి ఇచ్చాం. బియ్యప్పిండి జావతో కుండ మీద రేకు తీస్తారని నాన్నగారు చేత్తో అభినయించి చూపించారు. ఆవిడ ఒక రేకు వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు.

భోజనం తర్వాత తీసుకెళ్లిన చోటు నేను అనుకోనిది. డచ్చి ఈస్టిండియా కంపెనీ పాత ప్రధాన కార్యాలయం. 1602లో పెట్టిన కంపెనీ అది. ఇప్పుడు ఆ భవనం యూనివర్సిటీ చేతిలో ఉంది, లోపలి ముంగిట్లోకి వెళ్లి చూడచ్చు. మా అమ్మ పుట్టిల్లు పాలకొల్లు. ఆ సంగతి మెయిల్‌లో మాటవరసకి రాస్తే ఆవిడ పట్టుకున్నారు. పాలకొల్లులోనూ, ద్రాక్షారామంలోనూ, కాకినాడ జగన్నాథపురంలోనూ డచ్చివాళ్లకి వ్యాపార స్థావరాలుండేవి. మన నేతగాళ్ల గుడ్డలు ఇక్కడి నుంచి ఓడల్లో తూర్పు దీవులకి వెళ్లేవి, అక్కడ ఆ గుడ్డలిచ్చి లవంగాలూ జాజికాయలూ కొనేవారు. 1824 ఒప్పందం తర్వాత మన వైపున్న స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్లకి పోయాయి. పాలకొల్లులో డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయని, పెళ్లైన కొత్తలో మావయ్య తీసుకెళ్లి చూపించాడని నాన్నగారు చెప్పారు. ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఆవిడ తమ దేశం గొప్ప ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. ఈ కంపెనీ బట్టలూ మసాలాలే కాదు, మన తూర్పు తీరం నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా కొని ఓడలెక్కించిందని, బానిసల వ్యాపారంలో నగరానికున్న భాగానికి ఆమ్‌స్టర్‌డామ్ మేయరు 2021లో క్షమాపణ చెప్పారని నిలబడి చెప్పారు. తమ ఊరి తప్పు పరాయివాళ్ల ముందు దాచకుండా చెప్పే గైడ్ నాకు ఇంకెక్కడా తగల్లేదు.

తర్వాత వాటర్‌లోప్లైన్. అక్కడ నగర పాలక భవనమూ ఒపేరా హాలూ ఒకే కట్టడంలో ఉంటాయి. మధ్య నడవలో నిలువు గాజు గొట్టాలు మూడు, వాటిలో నీళ్లు. రెండింటిలో నీళ్లు ఐముయ్‌డెన్, వ్లిసింగెన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఆ క్షణాన సముద్రం ఎంత ఎత్తున ఉందో చూపిస్తాయి. పోటూ పాటూ గొట్టంలో కనిపిస్తాయన్నమాట. మూడోది 1953 వరదది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 తెల్లవారకముందే సముద్రం గట్లు తెంచుకుని దేశం నైరుతి భాగం మీదికి వచ్చింది, నెదర్లాండ్స్‌లో 1,836 మంది పోయారు. ఆ గొట్టంలో నీళ్లు నాలుగున్నర మీటర్ల ఎత్తున, మన తలల మీద చాలా పైన ఉంటాయి. కింద ఒక ఇత్తడి రంగు బొడిపె. అదే సున్నా. ఆ దేశంలో నేల ఎత్తైనా నీటి ఎత్తైనా దాని నుంచే కొలుస్తారు. యూరప్‌లో చాలా దేశాల ఎత్తుల లెక్కకీ అదే మూలం. హుడ్డె నాటి పట్టణపు మట్టమే ఇలా మారిందట. నాన్నగారు వంగి ఆ బొడిపె మీద చెయ్యి పెట్టారు. ఊళ్లో కాలవల మట్టం ఆ సున్నాకి 40 సెంటీమీటర్లు కింద ఉండేలా చూస్తారని ఆవిడ చెబితే "అడుగూ నాలుగంగుళాలు" అని నోటితో లెక్క కట్టేశారు.

ఆ మూడో గొట్టం కిందే ఆయన 1996 నవంబరు తుపాను గురించి చెప్పారు. కోనసీమలో కొబ్బరి తోటలు పడిపోయిన రాత్రి. ఆవిడ అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. గట్లు బాగు చేయించే డబ్బు ఎవరిస్తారు, రైతుల మాటకి విలువుంటుందా అని. వాళ్ల దేశంలో నీటి సంఘాలు 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయట. ఇప్పటికీ నాలుగేళ్లకోసారి జనం ఓట్లేసి ఎన్నుకుంటారు, ఆ సంఘాలు తమ పన్ను తామే వేసుకుంటాయి. మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి కదా, నాన్నగారు ఆ రోజుల్లో దగ్గరుండి చూసినవాళ్లు. కాలవలో తూడు తీయించడానికి రైతులే కూర్చుని తీర్మానం చేసిన సంగతీ, తర్వాత తర్వాత డబ్బు ఎలా తగ్గిపోయిందో, శివారు రైతు ఎలా మళ్లీ ఆకాశం వంక చూశాడో చెబుతూ ఆయన గొంతు పెరిగింది. అక్కడ మేం ముప్పావుగంట ఉండిపోయాం. ఆవిడ ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు. ఆ చోటు చూడటానికి టికెట్ లేదు, దగ్గర్లో కూర్చునే చోటుంది. నాన్నగారిలాంటి వాళ్లుంటే తప్పక తీసుకెళ్లండి.

ఆమ్స్టెల్ నది ఒడ్డునే నడిచి, తెల్ల చెక్క వంతెన మాగెరె బ్రుగ్ దాటి, కారె థియేటరు దగ్గర నది మధ్యలో ఉన్న ఆమ్స్టెల్‌స్లౌజెన్ అనే లాకుల దగ్గర ఆగాం. ఆవిడ స్టూలు వేసి "పొద్దున మీరడిగిన ప్రశ్నకి జవాబు ఇది" అన్నారు. కాలవల్లో నీరు దానంతట అది నడవదు. వారానికి కొన్నిసార్లు ఈ లాకుల తలుపులు మూసి, ఊరికి తూర్పున పెద్ద సరస్సు నుంచి మంచినీళ్లు పంపులతో లోపలికి తోలతారు. ఆ నీరు కాలవలన్నీ తిరిగి మురికిని పడమటికి, సముద్రం వైపు నెట్టుకుపోతుంది. ఆ సరస్సు కూడా ఒకప్పుడు సముద్రమే. 1932లో 32 కిలోమీటర్ల గట్టు వేసి సముద్రాన్ని మూసేశాకే ఉప్పునీళ్లు మంచినీళ్లయ్యాయి. నాన్నగారు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని విన్నారు.

ఇక అప్పుడు ఆయన మొదలుపెట్టారు. లాకు తలుపులు రెండూ ఎగువకి మొన తిరిగి ఎందుకు కలుస్తాయో, నీటి బరువే వాటిని ఎలా బిగించి పట్టుకుంటుందో, తలుపుల మధ్య నీరు చిమ్ముతుంటే కింద గడప దగ్గర రాయో కర్రో ఇరుక్కుందని ఎలా తెలుసుకుంటారో. చిన్నప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు, పెంకు వేసుకుని వచ్చే పడవల్ని గట్టు మీంచి తాళ్లతో లాగేవారని, లాకులో ఒక్కో పడవనీ ఎక్కించి దించేవారని. నేను తెలుగు ఇంగ్లీషులోకి మార్చలేక అలిసిపోయాను, ఆయన అలిసిపోలేదు. ఆవిడ మా ఆనకట్ట ఎప్పుడు కట్టారని అడిగారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని చెప్పాం. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, ఆమ్‌స్టర్‌డామ్ పక్కన హార్లెమ్మర్‌మేర్ అనే పెద్ద సరస్సుని ఆవిరి పంపులతో తోడి పొలంగా మార్చిన పని కూడా 1852లోనే ముగిసిందని, మేం విమానం దిగిన స్కిపోల్ ఎయిర్‌పోర్టు ఆ సరస్సు అడుగున, సముద్రమట్టానికి కిందే ఉందని చెప్పారు. నాన్నగారు ఫోన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ ఫోటో తీసి 175 గేట్లు అని చూపించారు. నీళ్లు లేక చచ్చిన డెల్టా ఒకటి, నీళ్లు ఎక్కువై చచ్చిన ఊళ్లు ఇంకొకటి, రెండింటికీ ఒకే ఏడాది దారి దొరికింది అన్నారు ఆయన. ఆ సరస్సు తోడిన ఆవిరి పంపుల్లో ఒకటి, క్రూక్వియస్ అని, ఇప్పుడు మ్యూజియంగా ఉంది. దాని పెద్ద సిలిండరు 3.66 మీటర్ల వెడల్పు. ఆవిడ చెప్పబట్టి తర్వాత తమ్ముడు తీసుకెళ్లాడు. అది లేకపోతే నాన్నగారి యాత్ర వెలితిగా ఉండేది.

అక్కడితో ఆపేసి ఇంటికి పంపిస్తే ఈ రోజుకి నేను పూర్తి మార్కులు వేసేదాన్ని. కానీ సాయంత్రం రైక్స్ మ్యూజియం ఉంది. టికెట్లు ముందే కొన్నాం కాబట్టి వెళ్లాం. నాన్నగారి కాళ్లు అప్పటికే పూర్తయ్యాయి. రెంబ్రాంట్ 1642లో వేసిన నైట్ వాచ్ ముందు జనం గుంపు, ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఆవిడ ఆ బొమ్మ గురించి చాలా బాగా చెప్పారు, 1715లో గోడకి పట్టక అంచులు కోసేశారని కూడా. నాన్నగారు మర్యాదగా విన్నారు, అంతే. మ్యూజియం చూడాలనుకునేవాళ్లు పొద్దున తలుపులు తీసే వేళకే వెళ్లండి, ఊరు తర్వాత తిరగండి. ఆవిడ కూడా ఈ వరస మార్చుకోవాలి, ఆ మాట నేను మెయిల్‌లో రాశాను కూడా. ఆ భవనం కింద నుంచి సైకిళ్ల దారి ఉంది. మ్యూజియం మధ్యలోంచి జనం సైకిళ్లు తొక్కుకుంటూ పోతారు. బయటికొచ్చాక నాన్నగారు అక్కడ కూర్చుని దాన్నే ఇష్టంగా చూశారు.

మొత్తం మీద ఈ గైడ్‌కి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు పడవకీ, సాయంత్రపు మ్యూజియానికీ తగ్గించాను. రాత్రి అమ్మ ఏం చూశారండీ అని అడిగితే భోజనం చల్లారేదాకా చెబుతూనే ఉన్నారు.

వెళ్లేవాళ్లకి చివరిగా. ఏప్రిల్, మే నెలల్లో మంచి గైడ్‌లు ముందే నిండిపోతారు, ఫిబ్రవరికల్లా రాయండి. మొదటి మెయిల్‌లోనే మోకాళ్ల సంగతీ, మందుల వేళా, తిండి సంగతీ రాయండి. మీ అమ్మ మగ్గం నేసినా, మీ నాన్న రైస్ మిల్లులో పని చేసినా, లేసులల్లినా, బస్సు నడిపినా ఆ సంగతి తప్పకుండా రాయండి, సిగ్గుపడకండి. దానికి జవాబుగా "మా టూరులో ఇవి చూపిస్తాం" అని అచ్చువేసిన జాబితా వస్తే ఇంకొకరిని చూసుకోండి. తెలుగు నుంచి ఇంగ్లీషుకి మార్చి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి, ఆ పని గైడ్ చేయలేరు. మడత స్టూలు మాత్రం ఇంటినుంచి పట్టుకెళ్లక్కర్లేదు, అక్కడ అడిగితే తెస్తారు.